బావగారి భుజం

అమెరికానుంచి అక్కయ్య ఫోను చేసింది. "మీ బావగారు కుడిచేత్తో తల దువ్వుకోలేకపోతున్నారు. నలభై ఆరేళ్ళొచ్చాక బంతాటేమిటిరా? నా మాట ఎలాగూ వినరు. నువ్వయినా చెప్పు," అంది.

క్లాసులో కుర్రాళ్ళకే నచ్చజెప్పలేనివాణ్ణి, బావకేం చెబుతాను? అయినా అక్కయ్య మాట తీసెయ్యలేక పూనుకున్నాను.

ముందు ఆ ఆట సంగతి. బేస్‌బాల్‌లో రోకలిలాంటి గుండ్రని బ్యాటుతో బంతిని కొట్టి, 90 అడుగులకొకటిగా ఉన్న నాలుగు మజిలీలు చుట్టి రావాలి. బంతి విసిరేవాడు నిలబడేది 60 అడుగుల 6 అంగుళాల దూరాన. గంటకు 75 మైళ్ళ వేగంతో విసిరాడంటే, సుమారు అర సెకనులో బంతి మీదికి వచ్చేస్తుంది. కొట్టడమా, వదిలెయ్యడమా అన్నది ఆలోగానే తేల్చుకోవాలి.

ఇది కుర్రకారు పని అనుకుంటాం కదా. కాని అక్కడ పెద్దవాళ్ళకోసం మెన్స్ సీనియర్ బేస్‌బాల్ లీగ్ అని 1988లోనే వెలిసింది. ముప్ఫై అయిదు దాటినవారు, నలభై అయిదు దాటినవారు, ఆపైవారు, ఇలా ఎవరి ఈడువాళ్ళతో వారికి పోటీ. డబ్బు రాదు సరికదా, చేతిచమురు వదులుతుంది.

"ఏమోయ్ మేష్టారూ, అక్క తరఫున రాయబారమా?" అన్నాడు బావ. తరవాత గొంతు తగ్గించి, "నొప్పి కాదోయ్ నా బాధ. ఇరవై ఏళ్ళుగా నాది షార్ట్‌స్టాప్ చోటు. అవతలి పక్కనుంచి మొదటి బేసుకు బాణంలా విసరాలి. ఇప్పుడు నా బంతికన్న ముందే పరుగెత్తేవాడు చేరిపోతున్నాడు. ఆ సంగతి జట్టులో అందరికీ తెలుసు. ఎవరూ అనరు," అన్నాడు.

వారమంతా బల్లముందు కూర్చుని, ఆదివారం తిన్నగా మైదానంలోకి దిగి బలంకొద్దీ విసిరితే భుజం మొరాయించదా అన్నాడట డాక్టరు.

ధైర్యం చెబుదామని, బావ ఒకప్పుడు నాకు చెప్పిన శాచెల్ పేజ్ కథే ఎత్తుకున్నాను. ఆయన 1965లో, 59 ఏళ్ళ వయసులో, కాన్సాస్ సిటీ జట్టు తరఫున 3 ఇన్నింగ్సులు విసిరి ఒక్క పరుగూ ఇవ్వలేదు.

బావ కాసేపు మాట్లాడలేదు. "మూడే విసిరి దిగిపోయాడు కదోయ్. తొమ్మిదీ నేనే విసురుతానని కూర్చోలేదు. ఇన్నాళ్ళూ నేనది గమనించలేదు," అన్నాడు.

మరుసటి వారం తనంతట తానే మొదటి బేసుకు మారాడు. అక్కడ విసరడం తక్కువ, పట్టడం ఎక్కువ. నొప్పి తగ్గాక వారంలో మూడు రోజులు రబ్బరుపట్టీ లాగి భుజానికి కసరత్తు. ఆటకు ముందు కాస్త పరుగు, దగ్గరనుంచి మెల్లగా విసురుతూ దూరం పెంచడం. బ్యాటు ఊపు కుదించుకున్నాడు. చేతివేగం తగ్గినా, ఏ బంతి తరవాత ఏ బంతి రాబోతుందో పసిగట్టే కన్ను వచ్చిందంటాడు.

నేనూ ఒకప్పుడు వందమందికి మైకు లేకుండా పద్యం వినిపించినవాణ్ణే. ఇప్పుడు మూడో గంటకే గొంతు బొంగురుపోతోంది. అయినా మైకు నామోషీ అనుకుంటూ వచ్చాను. మొన్న పెట్టించుకున్నాను. వెనక బెంచీవాళ్ళకు నా పాఠం వినబడడం అదే మొదలు కాబోలు, ఒకడు లేచి ప్రశ్న కూడా వేశాడు!

ఇప్పుడు బావ దువ్వెన తలదాకా వెళుతోందట. అక్కడ దువ్వడానికి ఏపాటి మిగిలిందన్నది అక్కయ్యనే అడగాలి.