నడవమని మాకు చెప్పే ముందు

రోజూ నడవండి, ఒళ్ళు వంచండి అని చెప్పే యూనివర్సిటీ చదువు ఎవర్ని కళ్ళముందు పెట్టుకుని తయారైంది మిత్రులారా? మా బూర్గంపాడు పల్లెల్లో ఒక్క ఎండాకాలం ఉండి చూస్తే ఎవరికైనా ఈ ప్రశ్న వస్తది.

తునికాకు సీజన్‌లో కోయ ఆడబిడ్డ తెల్లారకముందే అడవికి పోతది. ఆకు కోసి, మూట నెత్తినపెట్టుకుని వచ్చి, మళ్ళీ కూర్చుని యాభై ఆకులకో కట్ట కడతది. పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. పనిలో పడే కష్టం, కాలినడక, ఇంటిచాకిరీ కూడా అందులో లెక్కే అని కూడా చెప్పింది. ఆ లెక్కన ఆమెకి వారం కోటా ఒక్క పూటలో అయిపోద్ది! ఆమెకి కావాల్సింది నీడ, తాగునీళ్ళు, రక్తహీనత పరీక్ష, కడుపునిండా తిండి, ఆకుకి సరైన రేటు. ఇది నా సొంత సిద్ధాంతమేం కాదు. ఆరోగ్యానికి ముందు ఇల్లు, తిండి, ఆదాయం, సామాజిక న్యాయం ఉండాలని 1986లోనే ఒట్టావా ప్రకటన రాసింది. తరగతిలో దాన్ని రెండు మార్కుల ప్రశ్నగా చదివి వదిలేస్తున్నారు, అదీ బాధ.

ఇంకో సంగతి, ఇది ప్రాణాలకి సంబంధించింది. ఆదివాసుల్లో సికిల్ సెల్ జబ్బు ఎక్కువ. దాన్ని నిర్మూలిస్తామని కేంద్రం 2023 జులై 1న మిషన్ మొదలుపెట్టింది. ఈ జబ్బున్న పిల్లోడు ఎండలో నీళ్ళు తాగకుండా శక్తికి మించి ఉరికితే నొప్పులు విరుచుకుపడతయ్. మధ్యలో కూలబడిన పిల్లోడిది బద్ధకమా, జబ్బా? విజిల్ పట్టుకున్న వ్యాయామ టీచర్‌కి ఇది తెలియాలి. ఎంత వేగంగా ఉరికాడో కొలవడం నేర్పే చదువు, ఎప్పుడు ఆపాలో కూడా నేర్పాలి కదా.

ఆటలొద్దని కాదు నేననేది. కిన్నెరసాని స్పోర్ట్స్ స్కూల్ పిల్లలు పతకం తెస్తే అందరికంటే ముందు చప్పట్లు కొట్టేది మేమే. కానీ పతకం ఒక్కరికొస్తది, ఒళ్ళు అందరికీ ఉంటది. రేలా ఆటలో ముసలోళ్ళు, పిల్లలు, ఆడా మగా ఒకే వరసలో కలిసి అడుగేస్తరు, ఓడినోడంటూ ఉండడు. కొమ్ములు కట్టుకుని, డోలు మెడకేసుకుని గంటలకొద్దీ ఆడే మావోళ్ళని మంత్రిగారి స్వాగతానికి పిలుస్తరు. సిలబస్‌లోకి మాత్రం పిలవరు.

2014 విభజన చట్టంలో రాసిన గిరిజన యూనివర్సిటీకి పార్లమెంటు ఆమోదం దొరకడానికి 2023 డిసెంబర్ దాకా పట్టింది. ములుగులో సమ్మక్క సారక్క పేరు పెట్టారు, సంతోషం. ఆ తల్లుల పేరున్న చోట వ్యాయామం, ఆరోగ్యం గురించి ఏ కోర్సు పెట్టినా, దాని కమిటీలో ఒక ఆశా కార్యకర్త, తునికాకు కోసే ఒక కూలీ తల్లి, మందుమొక్కలు తెలిసిన ఒక కోయ పెద్ద కూర్చోవాలి. విద్యార్థి ఒక సీజన్ పల్లెలో ఉండి, కోయ భాషలో మాట్లాడి రావాలి. పరుగు పెట్టించే ముందు సికిల్ సెల్ పరీక్ష ఉచితంగా చేయించాలి, ఫలితం చూసి సీటు మాత్రం తీసెయ్యకూడదు.