లెక్క తప్పింది దుబాయిలో కాదు

‘‘పదేండ్లు దుబాయిల ఉండి ఏం మిగిలిచ్చుకున్నడు?’’ మా జగిత్యాల దిక్కు పెళ్లిళ్లలో, చావుల్లో, చాయ హోటళ్ల దగ్గర ఈ మాట వింటూనే పెరిగాను. మాకు గల్ఫ్ అంతా దుబాయే. సౌదీ పోయినా, ఖతర్ పోయినా దుబాయి పోయినట్టే. ఈ మధ్య చదువుకున్నవాళ్లు ఆ మాటకో పెద్ద పేరు పెట్టారు: ఆర్థిక అక్షరాస్యత లేకపోవడం. కార్మికుడికి పైసల లెక్క తెలియదట. సెంటు సీసాలకూ సెల్‌ఫోన్లకూ తగలేస్తాడట. నాలుగు సదస్సులు పెట్టి పొదుపు నేర్పిస్తే బాగుపడతాడట. ఇది అబద్ధం. చెమటోడ్చి బతికేవాడి మీద వేసే నింద కూడా.

షార్జాలో ఒక కంపెనీ క్యాంపులో ఆరేళ్లు హాజరు రాసే పని చేశాను. గదికి ఎనిమిది మందిమి. నా మంచం పైన కోరుట్ల దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక అన్న ఉండేవాడు. సలాకలు కట్టే పని, చదివింది ఐదో తరగతి. తలగడ కింద రెండు వందల పేజీల నోటుబుక్కు పెట్టుకునేవాడు. రోజూ పడుకునే ముందు అందులో రాసేవాడు: మెస్ 260, కటింగ్ 10, సబ్బు 3, చాయ 1. ఓ రోజు చాయ రెండుసార్లు కనిపిస్తే ఎందుకని అడిగాను. ‘‘ఇయ్యాల తలకాయ నొచ్చింది తమ్మీ, ఇంకోటి తాగిన’’ అన్నాడు, తప్పు ఒప్పుకుంటున్నవాడిలా. ఈయనకా మనం పొదుపు నేర్పేది?

ఆ పుస్తకం మొదటి పేజీలో ఒక్కటే లైను: లక్షన్నర, మూడు రూపాయల మిత్తి. వీసా కోసం ఏజెంటుకు కట్టిన అప్పు అది. ఆయన లెక్కను ఈ మధ్యటి ఒక రేటుకు మార్చి చూడండి. జీతం 1000 దిర్హాములు. తిండి, ఫోను, చిల్లర ఖర్చులు పోగా 700 ఇంటికి పంపుతాడు. దిర్హాముకు 23 రూపాయల చొప్పున 16,100. పిల్లల ఫీజులకూ ఇంటి ఖర్చుకూ 6,000 పోతే షావుకారికి 10,100. నెలకు నూటికి మూడు మిత్తి మీద ఆ లక్షన్నర తీరడానికి సరిగ్గా 20 నెలలు పడుతుంది. వీసా రెండేళ్లది. అంటే పని చేసిన 24 నెలల్లో తనకోసం పని చేసింది నాలుగే నెలలు. జ్వరమొచ్చి వారం మంచాన పడితే, కంపెనీ ఒక నెల జీతం ఆపితే, ఆ నాలుగూ ఉండవు.

మన దేశపు నిబంధనల ప్రకారం రిక్రూటింగ్ ఏజెంటు ఎక్కువలో ఎక్కువ తీసుకోవాల్సింది 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షన్నర తీసుకున్నవాడు రసీదు ఇవ్వడు. అడిగితే ఆ వీసా ఇంకొకరికి పోతుంది. చదువు కోసం విదేశం వెళ్లేవాడికి బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్ ఉంది. సలాకలు కట్టడానికి వెళ్లేవాడికి షావుకారి ఉన్నాడు. తేడా ఇద్దరి తెలివిలో ఉందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అక్కడ దిగాక బ్యాంకు సంగతి. యూఏఈ 2009లో వేజ్ ప్రొటెక్షన్ సిస్టమ్ తెచ్చి, జీతం ఎలక్ట్రానిక్ పద్ధతిలోనే చెల్లించాలంది. మంచి పనే, జీతం పడిందో లేదో ప్రభుత్వానికి తెలుస్తుంది. కానీ మా క్యాంపులో వాళ్లకు చేతికొచ్చింది ఖాతా కాదు, జీతం కార్డు. దాంతో ఏటీఎంలో పైసలు తీసుకోవచ్చు, అంతే. ఖాతా తెరవాలంటే చాలా బ్యాంకులు నెలకు మూడు వేలో, ఐదు వేలో దిర్హాముల జీతం చూపించమంటాయి. కాబట్టి నగదు తీసి పెట్టెలో పెట్టుకోవాలి, లేదంటే సెలవు రోజున ఎక్స్ఛేంజ్ ముందు లైన్లో నిలబడాలి. అక్కడ ఎంత పంపినా ఇరవై దిర్హాములకు అటూఇటూగా ఒకటే ఫీజు. ఇంజనీరు 7,000 పంపితే నూటికి ముప్పై పైసలు కూడా పడదు. మా అన్న పంపే 700 మీద దాదాపు నూటికి మూడు. పేదవాడి దగ్గరే ఎక్కువ తీసుకుంటారు, ఆ మీదట అతనికి లెక్క రాదంటారు.

కువైట్‌లో ఇంటిపనికి వెళ్లే కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. వారానికో సెలవు ఇవ్వమని అక్కడి చట్టం చెబుతుంది. ఇవ్వని ఇంట్లో ఆమె ఎక్స్ఛేంజ్ దాకా ఎప్పుడు వెళ్తుంది?

ఇక ఇక్కడి బ్యాంకు. విదేశంలో కొలువు చేసేవాడి మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ అనే ప్రవాసుల ఖాతాగా మార్చాలి. పంపిన డబ్బు ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో వేసుకుంటే వడ్డీ మీద పన్ను లేదు. ఎన్‌ఆర్‌ఓలో వడ్డీ మీద 30 శాతం ముందే కోస్తారు. ఈ సంగతి మా అన్నకు బ్రాంచిలో ఎవరూ చెప్పలేదు. ఇంటికి పంపేది భార్య ఖాతాలో పడేది. ఆయన సొంత ఖాతాకిచ్చిన ఫోన్ నంబరు రీఛార్జి లేక ఆగిపోయింది, ఓటీపీలు ఎటు పోయాయో తెలియదు. రెండేళ్లు లావాదేవీ లేకపోయేసరికి ఖాతాను నిద్రలో పెట్టారు. సెలవు మీద వచ్చిన నలభై రోజుల్లో నాలుగు రోజులు బ్యాంకు మెట్ల మీదే గడిచాయి.

ఇల్లు కట్టి డబ్బంతా సిమెంటులో పోశాడంటారు. పోస్తాడు మరి. ఓటీపీ అడగనిది, బావమరిది చేబదులు తీసుకోలేనిది, కొడుకు పెళ్లినాటికి నిలబడి ఉండేది అదొక్కటే. చేతిలో ఉన్నప్పుడు పది బస్తాలు, లేనప్పుడు ఆగిన గోడ. మా ఊళ్లో సగం కట్టి ఆగిన గోడలన్నీ నాకు పాస్‌బుక్కుల్లాగే కనిపిస్తాయి.

ఇక జీతం సంగతి. 2020 సెప్టెంబరులో, కరోనా నడుస్తుండగా, మన కేంద్ర ప్రభుత్వమే గల్ఫ్‌కు వెళ్లే కార్మికుల కనీస రిఫరల్ వేతనాలను, అంటే అక్కడ ఇవ్వాలని తనే పెట్టిన కనీస జీతాలను, 30 నుంచి 50 శాతం దాకా తగ్గిస్తూ ఉత్తర్వులిచ్చింది. గల్ఫ్ కార్మికుల కోసం పనిచేసేవాళ్లు గొడవ చేశారు, విషయం తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లింది. 2021 జులైలో పాత వేతనాలే మళ్లీ వచ్చాయి. ఆ పది నెలలూ ఆ కార్మికుడు ఏ పొదుపు పథకంలో చేరితే ఆ నష్టం పూడేది?

సదస్సులు పెట్టండి, వద్దనను. కానీ మొదటి కుర్చీలో ఏజెంటును కూర్చోబెట్టి, కలెక్టరు ఎదుట రసీదు పుస్తకం తెరిపించండి. రెండో కుర్చీలో బ్యాంకు మేనేజరును కూర్చోబెట్టి వీసా మీద అప్పు ఇప్పించండి. జీఎస్టీతో కలిపి 35,400 రూపాయలు, నూటికి రూపాయి మిత్తి. నెలకు అదే 10,100 కడితే నాలుగో నెలలో తీరిపోతుంది. మిగతా ఇరవై నెలల జీతం మా అన్నది. తలనొప్పి వచ్చిన రోజు రెండో చాయ తాగి, పుస్తకంలో రాయకుండా పడుకుంటాడు.