గుడ్డు కోసమే వస్తారట!

మొన్న శ్రావణ శుక్రవారం కడపలో మా వదినగారింటికి పేరంటానికి వెళ్ళాను. తాంబూలాలయ్యాక కబుర్లు అంగన్వాడీ మీదికి మళ్ళాయి. "ఈ కూలిజనానికి పిల్లల చదువు మీద ధ్యాసెక్కడిదమ్మా! గుడ్డు కోసం వస్తారు, అది చేతిలో పడగానే పిల్లను లాక్కుపోతారు" అందొకావిడ. అందరూ తలలూపారు. నాకు ఒళ్ళు మండింది. గుడ్డు కోసం వస్తే తప్పేమిటండీ? మనమంతా నానబెట్టిన శనగలు కొంగున కట్టుకుని కూర్చోలేదూ?

అసలీ అంగన్వాడీ మొదలైందే తిండితో. 1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల ప్రయోగంగా పెట్టినప్పుడే తిండి, టీకాలు, వైద్య పరీక్ష, బడికి ముందు చదువు అన్నీ ఒకే గడపలో దొరకాలన్నారు. కడుపు కాలే పిల్లకు అఆలు ఎక్కవని వాళ్ళకు తెలుసు. 2006లో సుప్రీంకోర్టు ఆరేళ్ళలోపు ప్రతి బిడ్డకూ ఇవి అంది తీరాలంది. ఇక ఆ గుడ్డు ఎవరో పెట్టే ధర్మం ఎలా అవుతుంది?

పోనీ, ధ్యాస సంగతే చూద్దాం. పత్తి తీతకు పోయే తల్లి తెల్లారేసరికి ఆటో ఎక్కాలి. కేంద్రం తలుపు తెరిచేది తొమ్మిదికి. ఆ నడిమి గంటలు పిల్ల ఎవరి దగ్గరుండాలి? అవ్వ ఉంటే సరే. లేకపోతే ఎనిమిదేళ్ళ అక్క బడి మానేసి చెల్లెల్ని చంకనేసుకుంటుంది. అప్పుడు మనం "చదువు మాన్పించేశారమ్మా, ఎంత అన్యాయం!" అని నిట్టూరుస్తాం.

టీచరమ్మను ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. వండించడం, తూచడం, ఫోన్లో ఎక్కించడం, పాటలు చెప్పడం, అన్నీ ఆవిడే. 2023 డిసెంబరు నుంచి జీతాలు పెంచమని మన రాష్ట్రంలో వాళ్ళు 42 రోజులు సమ్మె చేశారు. మనలో ఎందరం అటువైపు తొంగిచూశాం? మన పిల్లలక్కడ ఉంటే కదా! మూడేళ్ళకే వాళ్ళ మెడకు టై బిగించి, వేలకువేలు పోసి కాన్వెంటులో ఏబీసీడీలు దిద్దిస్తున్నాం. నిజం చెప్పొద్దూ, నా కొడుకునూ అలాగే పంపాను. అందుకే అంగన్వాడీలో మరుగుదొడ్డికి తలుపు లేకపోయినా అడిగే గొంతు లేదు. గొంతున్న వాళ్ళం మనం, మనకా అవసరం లేదు.

మొన్న జనవరిలో పెళ్ళికని ఆదోని వెళ్ళాను. కర్నూలు జిల్లాలో ఆ పడమటి ఊళ్ళు, కోసిగి, ఆలూరు వైపు, వానలు మొండిచేయి చూపితే ఇళ్ళకు తాళాలేసి గుంటూరు మిరపచేలకు వలసపోతాయి. రోడ్డు పక్కన మూటలు, బానలు, మధ్యలో ఓ తల్లి, మూడేళ్ళ పిల్ల. అంగన్వాడీకి పంపడం లేదా అన్నాను.

"పంపిస్తాంటిమి మా. ఇప్పుడు మేం పోతాంటే దీన్నెవరు సూస్తారు? ఆడ సేను గట్టునే పండుకోబెట్టల్ల."

2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్‌లో పిల్ల పేరు ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి మార్చే వీలుంది. బాగానే ఉంది. మరి ఊరికి కోసుల దూరాన, కల్లంలో వేసుకున్న పాకల దగ్గర కేంద్రమేదీ? ఇదేమీ కొత్తగా కనిపెట్టవలసిన సంగతీ కాదు. 2005 ఉపాధి హామీ చట్టంలోనే రాశారు, పనిచోటికి అయిదుగురో అంతకన్నా ఎక్కువమందో ఆరేళ్ళలోపు పిల్లలొస్తే, కూలి ఇచ్చి ఒక మనిషిని వాళ్ళ దగ్గర ఉంచాలని. సర్కారు పనికి అక్కరకొచ్చిన ఆ ఆలోచన మిరపచేనుకు ఎందుకు రాకూడదు? కోత సాగే ఆ మూడునాలుగు నెలలూ ఆ పాకల దగ్గరే ఒక ఆయాను, ఒక పొయ్యిని పెట్టమంటున్నాను. ఊళ్ళో కేంద్రాన్ని కూలికెళ్ళే వేళకే తెరవమంటున్నాను, అందుకు రెండో మనిషిని వేసి, జీతమిచ్చి. ముందు ఇవి చేసి, అప్పటికీ తల్లులు రాకపోతే అప్పుడు అనండి ధ్యాస లేదని.

లారీ వచ్చింది. ఆ తల్లి పిల్లను పైకందించి, మళ్ళీ నా దగ్గరికొచ్చింది.

"ఉగాదికొస్తాం మా. అంతలోకి దీని పేరు కొట్టేస్తారేమో. టీచరమ్మకు నువ్వొక మాట సెప్పగూడదా?"