తప్పు పిల్లల బ్రష్షుది కాదు, ఐదు రూపాయల ప్యాకెట్టుది

"ఆదివాసీ పిల్లలకు శుభ్రత తెలియదు, పళ్లు తోముకోరు." ఆశ్రమ పాఠశాలల్లో పిల్లల పళ్లు పుచ్చిపోతున్నాయని అంటే చాలు, ముందు వినబడే మాట ఇదే. అన్నలారా, అక్కలారా, ఈ మాటను ఇక మనం వినీ విననట్టు వదిలేయొద్దు. వేప పుల్ల, కానుగ పుల్ల మనకు ఎవరో వచ్చి నేర్పినవి కావు. బ్రష్షు గురించి పాఠం చెప్పేవాళ్లు, బడి గేటు ముందు వేలాడుతున్న ప్యాకెట్ల గురించి ఎందుకు మాట్లాడరు?

పన్ను ఎట్ల పుచ్చుతదో ముందు తెలుసుకుందాం. నోట్లో ఉండే సూక్ష్మక్రిములు చక్కెరను తిని యాసిడ్ తయారు చేస్తాయి. ఆ యాసిడ్ పంటి పైపొరను కరిగిస్తుంది. మన ఉమ్మి ఆ యాసిడ్‌ను విరిచి పన్నును మళ్లీ సర్దడానికి అరగంటో, అంతకన్నా ఎక్కువో పడుతుంది. అందుకే తీపి ఎంత తిన్నారన్నది ఒక్కటే కాదు, రోజుకు ఎన్నిసార్లు తిన్నారన్నది ఇంకా ముఖ్యం. ఇంటర్వెల్లో చాక్లెట్, మధ్యాహ్నం క్రీమ్ బిస్కెట్, బడి వదిలాక చిప్స్ అయితే పంటికి కోలుకునే టైమే దొరకదు. చిప్స్ తియ్యగా ఉండవు కదా అంటారా? పంటి సందుల్లో ఇరుక్కున్న ఆ పిండి కూడా నోట్లో చక్కెరగానే మారుతుంది.

ఇంకో సంగతి. ఆరేళ్ల వయసులో పాల పళ్ల వెనక మొదటి శాశ్వత దవడ పన్ను వస్తుంది. అదీ పాల పన్నే, ఊడితే మళ్లీ వస్తదిలే అనుకుంటారు. రాదు. సరిగ్గా ఆ వయసులోనే మన పిల్లలు బడిలో అడుగు పెడుతున్నారు. నొప్పి మొదలైతే పిల్ల రాత్రి పడుకోదు, పొద్దున తినదు, క్లాసులో వినదు. చాలా పీహెచ్‌సీల్లో పంటి డాక్టరు ఉండడు. పట్నం పోవాలంటే తల్లికి ఆ రోజు కూలి పోయినట్టే.

చట్టం లేదా అంటే ఉంది. బడి పిల్లల తిండి మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లోనే నిబంధనలు తెచ్చింది. చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న తిండిని బడి క్యాంటీన్‌లో గానీ, హాస్టల్ వంటగదిలో గానీ, బడి చుట్టూ 50 మీటర్ల లోపల గానీ పిల్లలకు అమ్మకూడదు. మీ ఊరి బడి గేటు నుంచి ఒకసారి 50 మీటర్లు కొలిచి చూడండి. ఆ కాగితం ఏజెన్సీ దాకా వచ్చిందో లేదో మీకే తెలుస్తది.

ఎవరో వచ్చి అమలు చేస్తారని కూర్చోవాల్సిన పని లేదు. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఊరి సంతల నిర్వహణ మీద, బడి వంటి సంస్థల మీద గ్రామసభకూ పంచాయతీకీ అధికారం ఉండాలని చెప్పింది. భూమి కోసం, అడవి కోసం తీర్మానం రాసే గ్రామసభ పిల్లల నోటి కోసం ఒక తీర్మానం రాయలేదా?

"ప్యాకెట్లు ఆపితే పిల్లలు ఏం తినాలె?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆకలైన పిల్ల చేతికి ఏది అందితే అది తింటది. 2024లో తెలంగాణ ప్రభుత్వం 3 నుంచి 7వ తరగతి హాస్టల్ పిల్లల డైట్ ఛార్జీలను నెలకు 950 నుంచి 1,330 రూపాయలకు పెంచింది. అంటే రోజుకు 44 రూపాయలు. అన్ని పూటల తిండీ అందులోనే. తక్కువే, ఇంకా పెంచాలని కొట్లాడుదాం. కానీ బొబ్బర్ల గుడాలు, ఉలవ గుడాలు, ఉడకబెట్టిన పల్లీలు, మక్క కంకులు, కాలానికి దొరికే జామకాయలు, రేగుపండ్లు పెట్టడానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు, మనసుండాలె. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ మన దగ్గర అటవీ ఫలసాయం కొంటది, హాస్టళ్లకు సరుకులూ పంపుతది. మన చేన్లో పండిన బొబ్బర్లు కొని మన పిల్లల పళ్లెంలో వెయ్యడానికి అడ్డమేంది?

మనదని చెప్పి ప్రతిదాన్నీ నెత్తిన పెట్టుకోవద్దు కూడా. బెల్లమూ పంటికి చక్కెరే. పల్లీ పట్టీ, ఇప్పపువ్వు లడ్డూ ఒంటికి బలమే కానీ పంటికి అతుక్కుంటాయి. వాటిని భోజనంతో పాటు పెట్టి, నీళ్లతో పుక్కిలించమని చెప్పాలి. పొద్దంతా చప్పరించే తిండి కాకూడదు.

బడ్డీకొట్టు నడిపేది కూడా మన గూడెం మనిషే. ఆ కడుపు కొట్టొద్దు. పల్లీలు, కంకులు, జామకాయలు అక్కడే అమ్మమందాం, మనమే కొందాం. బిస్కెట్ డబ్బాలతో వచ్చి ఫొటోలు దిగిపోయే దాతలకు కూడా ఒక మాట చెబుదాం. మా పిల్లల మీద ప్రేముంటే పండ్లు తెండి, లేదంటే పంటి డాక్టరును తెండి.

మన డిమాండ్లు నాలుగు. ప్రతి ఆశ్రమ పాఠశాలలో సాయంత్రం వండిన చిరుతిండి. 50 మీటర్ల నిబంధన అమలు. ఆర్‌బీఎస్‌కే బృందం వచ్చినప్పుడు ప్రతి పిల్ల నోరు చూడటం, చికిత్స కావాల్సిన వాళ్లను ఆసుపత్రికి తీసుకుపోయే బాధ్యత ఐటీడీఏదే కావడం. ఏడాది పొడవునా బ్రష్షు, ఫ్లోరైడ్ పేస్టు అందడం.

వచ్చే గ్రామసభ ఎజెండాలో ఈ నాలుగూ రాయించండి. ఆగస్టు 9న జెండా ఎగరేశాక పిల్లల చేతుల్లో చాక్లెట్ కాదు, దోసెడు గుడాలు పెట్టండి.