గోడలో ఒక పైపు

ముప్పై ఒక్క ఏళ్లు టెలిఫోన్ శాఖలో కేబుల్ జాయింట్లు వేసినవాణ్ణి. రిటైరయ్యాక కూడా చేతులు ఊరుకోవు. పోయిన ఏడాది మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూలుకు రాస్ప్‌బెర్రీ పై కొనిచ్చాను. అరచేతిలో ఇమిడే ఆకుపచ్చ బోర్డు, అదే పూర్తి కంప్యూటరు. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అందులో తెలుగు వికీపీడియా ఎక్కించాం. నెట్ లేకపోయినా పిల్లలు ట్యాబుల్లో చదువుకోవచ్చు.

బోర్డు నుంచి రౌటరుకు తీగ లాగుదామన్నాను. "వైఫై ఉందిగా, మళ్లీ తీగెందుకండీ?" అన్నారు హెడ్‌మాస్టారు. ఈ మాట ఎక్కడికెళ్లినా వింటున్నాను. కొత్తగా కట్టే ఇళ్లలో ఏసీకి పైపు వేస్తారు, సీసీ కెమెరాకు వేస్తారు, నెట్‌వర్క్ తీగకు మాత్రం వేయరు. గాలిలో వచ్చేదానికి గోడ పగలగొట్టడం దేనికని.

సరే, మొదట ఆయన మాటే విన్నాను. ఎవరూ ఎత్తుకుపోకుండా బోర్డును బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇనుప బీరువాలోంచి సిగ్నల్ ఏం వస్తుంది! బయట పెట్టినా ముప్పై మంది ఒకేసారి తెరిస్తే పేజీ తిరుగుతూనే ఉండేది. ఎందుకంటే బోర్డు నుంచి రౌటరుకు ఒకసారి, రౌటరు నుంచి ట్యాబుకు ఇంకోసారి, ఒకే సమాచారం అదే గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది. ట్యాబు చేతులు మారుతుంది, దానికి వైఫై న్యాయమే. బీరువాలో కూర్చున్నదానికి ఎందుకు?

తీగ తెచ్చాను. బజారులో చవగ్గా దొరికేవాటిలో కొన్ని పైకి రాగి, లోపల అల్యూమినియం. బ్లేడుతో గీరితే తెల్లగా బయటపడుతుంది. అసలు రాగి తీగే ఎంచుకుని, కరెంటు వైర్లకు జానెడు ఎడంగా గోడవెంట క్లిప్పులు కొట్టి, కొసలకు ప్లగ్గులు నొక్కాను. లైటు వెలిగింది, వేగం చూస్తే సెకనుకు వంద మెగాబిట్లే. ఈ బోర్డు వెయ్యికి తయారైంది. వందకు రెండు జతలు చాలు, వెయ్యికి నాలుగూ కావాలి. అంటే ఎక్కడో ఓ జత తెగి ఉండాలి. ప్లగ్గు కోసి చూస్తే, గోధుమరంగు తీగ పిన్ను దాకా అందలేదు. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ: జీవితమంతా ఈ రంగులే లెక్కపెట్టిన మనిషిని, చివరికి నేనే తప్పాను.

ఆ తర్వాత కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ బోర్డు అడ్రసు మారేది. నిన్న చివర 7, ఇవాళ 11. పిల్లలు పాత అంకె కొట్టి, "సార్, చచ్చిపోయింది" అనేవారు. నేను ఎప్పుడో రాసుకున్న పద్ధతిలో అడ్రసుల సంగతి చూసే డీహెచ్‌సీపీసీడీ అనే ప్రోగ్రాం ఫైల్లో స్థిరమైన అడ్రసు రాశాను. ఏమీ మారలేదు. పదో తరగతి అమ్మాయి ఒకతి వెనకనుంచి చూసి, "సార్, అది పాతదండీ. ఇప్పుడు నెట్‌వర్క్ మేనేజర్ వచ్చింది" అంది. నిజమే. 2023లో వచ్చిన బుక్‌వర్మ్ అనే రాస్ప్‌బెర్రీ పై సిస్టం వెర్షన్ నుంచి ఆ పని దాని చేతికి వెళ్లింది, నా ఫైలును చదివే నాథుడే లేడు.

ఆ పిల్లకు మా ఎక్స్‌చేంజి సంగతి చెప్పాను. ఫోను నంబరు ఫోను మీద ఉండదు, ఎక్స్‌చేంజిలో ఉంటుంది. పరికరం మార్చినా నంబరు మారదు. ఇక్కడ ఎక్స్‌చేంజి అంటే రౌటరు. బోర్డు గుర్తింపు సంఖ్య, అంటే మ్యాక్ అడ్రసు, చూసి, దానికి ఎప్పుడూ ఇదే అంకె ఇవ్వమని రౌటరులో రాసి పెట్టింది తనే. ఆ మధ్య కరెంటు మూడుసార్లు పోయింది, అంకె మారలేదు.

ఇప్పుడు బడిలో రెండు కొత్త గదులు లేస్తున్నాయి. లోపల తీగకు అంగుళం పైపు, రెండు చోట్ల పెట్టె వదిలితే చాలు. ప్లాస్టరింగు కాకముందు ఇది మేస్త్రీకి పూట పని. తర్వాతైతే నాలాంటివాడు నిచ్చెనెక్కి క్లిప్పులు కొట్టాలి. బడి కట్టడాలకు ప్లాను గీసే ఇంజినీర్లు ఈ గీత కూడా గీయాలని నేనడిగేది. మొన్న మేస్త్రీని అడిగాను.

"పైపేగా బాబాయ్, పెట్టేద్దును. డ్రాయింగులో లేదుగా" అన్నాడు.