బడిలోకి వచ్చే వెబ్‌సైటును ఎవరు ఎంచుతున్నారు?

పాఠ్యపుస్తకాల మీద స్త్రీల ఉద్యమం చేసిన పోరాటం చిన్నది కాదు. అమ్మ వంట చేస్తుంది, నాన్న పేపరు చదువుతాడు, అన్న బంతి ఆడతాడు, చెల్లి ముగ్గు వేస్తుంది. ఈ వాచకాలు మనందరం చదువుకున్నవే. ఆ మూసబొమ్మలు పసిమనసుల మీద ఎంత గట్టిగా ముద్ర వేస్తాయో ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాం. 1986 జాతీయ విద్యావిధానం స్త్రీల సమానత్వం కోసం విద్య అన్న మాటను ప్రత్యేకంగా చేర్చి, పాఠ్యప్రణాళికలనూ పాఠ్యపుస్తకాలనూ ఆ దృష్టితో మార్చాలని ఒప్పుకుందంటే, దాని వెనక ఈ విమర్శ ఉంది. ఆ పని ఇంకా పూర్తి కాలేదు. ఈలోగా పాఠ్యపుస్తకం పక్కన మరో పుస్తకం వచ్చి కూర్చుంది. దానికి అట్ట లేదు. రాసినవాళ్లెవరో చాలాసార్లు తెలియదు. ఏ కమిటీ దాన్ని చదివి ఒప్పుకుందో అసలే తెలియదు. అదే వెబ్‌సైటు.

పాఠ్యపుస్తకం బడికి చేరేలోపు ఎంతోమంది చేతులు మారుతుంది. అందులో తప్పుంటే ఎవరిని నిలదీయాలో మనకు తెలుసు. వెబ్‌సైటు అలా రాదు. టీవీయో, ప్యానెలో ఉన్న బడిలో టీచరు మధ్యాహ్న భోజనం వేళ తన ఫోనులో వెతుకుతుంది. మొదట కనిపించింది పెడుతుంది. ఇందులో ఆమెను తప్పుపట్టడానికి లేదు. ప్రాథమిక పాఠశాలల్లో ఒక్క టీచరే రెండు మూడు తరగతులు చూసుకునే చోట్లు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. హాజరు ఒక యాప్‌లో, భోజనం లెక్క మరో యాప్‌లో, ఫోటోలు ఇంకో యాప్‌లో ఎక్కించాలి. ఇంటికెళ్తే ఇంటి చాకిరీ ఉండనే ఉంది. పది వెబ్‌సైట్లు ముందుగా చూసి మంచీచెడూ తేల్చే తీరిక ఆమెకు ఎవరిచ్చారు?

కాబట్టి నా అభ్యంతరం వెబ్‌సైట్ల మీద కాదు, టీచర్ల మీద అంతకన్నా కాదు. ఎంపిక అనేది ఎవరి పనీ కాకుండా పోవటం మీద. ఎవరూ ఎంచనప్పుడు కంపెనీ ఎంచుతుంది. పైన ఉన్న అధికారి ఎంచుతాడు. వెతికితే ముందు ఏది చూపించాలో నిర్ణయించే యంత్రం ఎంచుతుంది. వీళ్లలో ఎవరి మనసులోనూ మన ఊరి ఆడపిల్ల ఉండదు.

పాఠానికి ఉన్న శక్తి గురించి మన రాష్ట్రాల స్త్రీలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నెల్లూరు జిల్లాలో 1990లో మొదలైన అక్షరాస్యతా ఉద్యమంలో స్త్రీలు సారా గురించిన పాఠాలు చదివారు. అవి వాళ్ల బతుకుల్లోంచి, వాళ్ల మాటల్లో వచ్చిన పాఠాలు. దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని అడ్డుకున్నారు. ఆ కదలిక జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారా నిషేధించక తప్పలేదు. వాచకంలో పాఠం ఒక్కటే ఇంత పని చేసిందని కాదు. కానీ చదివేవాళ్ల జీవితాన్ని గుర్తించే పాఠం ఎంత దూరం తీసుకెళ్తుందో చూశాం. గుర్తించని పాఠం ఏం చేస్తుందో కూడా తెలుసు. నువ్వు లెక్కలోకి రావని అది పిల్లకి ప్రతిరోజూ చెబుతుంది.

అందుకని వెబ్‌సైటు ఎంచేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న, ఇందులో ఎవరున్నారు? ఏదైనా ఒక్క పాఠం తీసుకుని కాగితం మీద లెక్క వేసి చూడండి. ఆడవాళ్లు ఎందరు, మగవాళ్లు ఎందరు? ప్రశ్న అడిగేది ఎవరు, జవాబు చెప్పేది ఎవరు? అమ్మ వంటగది దాటిందా? నాన్న ఒక్కసారైనా గిన్నె కడిగాడా? బొమ్మల్లో పిల్లలందరూ తెల్లగానే ఉన్నారా? ఇల్లంటే సోఫా, కారు, గ్యాసు పొయ్యేనా? నాట్లకు వెళ్లే అమ్మ, బీడీలు చుట్టే అమ్మ, ఒంటరిగా పిల్లల్ని పెంచే అమ్మ ఎక్కడైనా ఉన్నారా? దళిత వాడ పిల్ల, ముస్లిం పిల్ల, చక్రాల కుర్చీలో కూర్చున్న పిల్ల కనిపించారా? పదిహేను నిమిషాల పని ఇది. పెద్ద చదువు అక్కర్లేదు. పాఠ్యపుస్తకాల మీద మనం చేసిన పనే ఇది, తెర మీద చెయ్యాలంతే.

రెండో ప్రశ్న, ఇది ఎవరి భాషలో ఉంది? తెలుగు అని పైన రాసి ఉంటే చాలదు. యంత్రం అనువదించిన తెలుగు చదివితే పెద్దవాళ్లకే అర్థం కాదు, రెండో తరగతి పిల్లకు ఏం అర్థమవుతుంది? విద్యాహక్కు చట్టం 29వ సెక్షను, ఆచరణలో వీలైనంతవరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలని చెప్పింది. ఆ మాట గోడ మీది నల్లబల్లకు వర్తిస్తే, గోడ మీది టీవీకీ వర్తిస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో గోండి, కోయ, కొలామి, కువి, సవర వంటి 8 భాషల్లో మాతృభాష ఆధారిత విద్య మొదలై, చిన్న తరగతులకు పుస్తకాలు వచ్చాయి. ఎంత లోపంతోనైనా పుస్తకం ఆ పిల్లల దాకా వెళ్లింది. తెర మీదికి వచ్చేసరికి ఆ భాషలు దాదాపు మాయమయ్యాయి. ఆదివాసీ పిల్లకు బడి మళ్లీ పరాయి ఊరవుతోంది.

ఇక్కడ ఒక మంచి ఉదాహరణ చెప్పాలి. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగుతో సహా ఎన్నో భాషల్లో పిల్లల కథలున్నాయి. వాటిని డబ్బు కట్టకుండా చదవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, మన భాషలోకి మార్చుకోవచ్చు. ఇలాంటి స్వేచ్ఛ ఉన్న చోట సంఘం స్త్రీలు, టీచరు కలిసి తమ పిల్లల భాషలో ఒక కథ తయారుచేసుకోగలరు. పాఠం చూసేవాళ్లుగా మిగిలిపోకుండా, పాఠం చేసేవాళ్లం అవుతాం. ఎంపికలో దీనికి పెద్దపీట వెయ్యాలి.

మూడో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యమైనది. ఈ వెబ్‌సైటు పని బడిలోనే ముగుస్తుందా, ఇంటి దాకా వస్తుందా? ఇంటికి లింకు పంపి, వీడియో చూసి జవాబులు రాసుకురమ్మంటే ఆ ఇంట్లో ఫోను ఎవరి చేతిలో ఉందో అడగాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్లు 57.1 శాతం, ఆడవాళ్లు 33.3 శాతం. ఆడవాళ్ల విషయంలో అది తెలంగాణలో 26.5 శాతమే, ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతమే. ఆ తర్వాత ఫోన్లు పెరిగి ఉండవచ్చు. కానీ ఇంట్లో ఒకటే మంచి ఫోను ఉంటే అది నాన్న జేబులో ఉంటుంది, లేదా అన్న చేతిలో ఉంటుంది. మా సంఘం పనిచేసే ఊళ్లలో నాకు పదేపదే కనిపించేది ఇదే. నాన్న పొలం నుంచి వచ్చేసరికి రాత్రి ఎనిమిది. అప్పటికి అన్న పాఠం ముందు. చెల్లి అంట్లు తోమి వచ్చేసరికి చార్జింగ్ అయిపోతుంది, లేదా నెట్ అయిపోతుంది. మర్నాడు బడిలో రాసుకురాని పిల్ల ఆమె. కోవిడ్ కాలంలో, 2020, 2021 సంవత్సరాల్లో బళ్లు మూతపడినప్పుడు ఈ సంగతి దేశమంతా చూసింది. చూసి కూడా, బళ్లు తెరిచాక ఫోను హోంవర్కు మాత్రం మానలేదు.

కనుక నేననేది ఇది. ఇంట్లో ఫోను లేని ఆడపిల్ల బడి వేళల్లో పూర్తిగా వాడుకోగలిగిన వెబ్‌సైటునే తరగతికి ఎంచాలి. ముందే దించుకుని నెట్ లేకపోయినా నడిచేది అయితే మరీ మంచిది. తరగతిలో కూడా కీబోర్డు దగ్గర, ట్యాబు దగ్గర ఎవరు కూర్చుంటున్నారో చూడాలి. మగపిల్లలు నొక్కుతుంటే ఆడపిల్లలు వెనక నిలబడి చూసే పద్ధతిని టీచరు వంతులు పెట్టి మార్చవచ్చు.

నాలుగో ప్రశ్న, ఇది పిల్లల గురించి ఏం అడుగుతోంది? పేరు, పుట్టిన తేదీ, ఫోను నెంబరు, ఫోటో, ఉన్న చోటు... అక్షరాలు నేర్పటానికి ఇవన్నీ ఎందుకు? 2022 మే నెలలో హ్యూమన్ రైట్స్ వాచ్ ఒక నివేదిక ప్రచురించింది. కోవిడ్ కాలంలో 49 దేశాల ప్రభుత్వాలు సిఫారసు చేసిన 160కి పైగా విద్యా యాప్‌లనూ వెబ్‌సైట్లనూ అది పరిశీలించింది. వాటిలో 89 శాతం, పిల్లల హక్కులకు భంగం కలిగించే విధంగానో, భంగం కలిగే ప్రమాదం ఉండేలానో వాళ్ల సమాచారాన్ని వాడాయని తేల్చింది. 2017లో మొదలైన మన ప్రభుత్వ వేదిక దీక్షా కూడా ఆ జాబితాలో ఉంది. పిల్లలు ఉన్న చోటును కచ్చితంగా సేకరించే వీలు ఆ యాప్‌లో ఉందని ఆ నివేదిక చెప్పింది. 2023 జనవరిలో, సరైన రక్షణ లేని సర్వరు వల్ల దీక్షాలోని పది లక్షల మందికి పైగా టీచర్ల వివరాలు బయటపడ్డాయని పత్రికల్లో వచ్చింది. పిల్లల వివరాలు కూడా లక్షల్లో అందులో ఉన్నాయి. ప్రభుత్వానిదైనా, ప్రైవేటుదైనా ఈ ప్రశ్న అడగక తప్పదు.

ఇదేదో పట్నం వాళ్ల బాధ అనుకోకూడదు. నెంబరు బయటికి పోతే ఆడపిల్లకు ఫోన్లు వస్తాయి. తెలియని వాడి నుంచి ఒక్క మెసేజి వస్తే చాలు, మన ఇళ్లలో శిక్ష పడేది ఆ మెసేజి పెట్టినవాడికి కాదు, పిల్లకి. ముందు ఫోను మాన్పిస్తారు, తర్వాత బడి మాన్పిస్తారు, ఆ తర్వాత సంబంధం చూస్తారు. బాల్యవివాహాల మీద పనిచేస్తున్న మనకు ఈ వరస బాగా తెలుసు. సమాచార భద్రత అంటే ఆడపిల్ల చదువు భద్రత.

చట్టం ఉంది కదా అంటారు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల సమాచారం వాడాలంటే తల్లి లేదా తండ్రి అనుమతి తీసుకోవాలంది. పిల్లల కదలికలను వెంబడించటం, వాళ్లను గురిచూసి ప్రకటనలు వెయ్యటం కూడదంది. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి, కానీ ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు, విద్యాసంస్థలకు కొన్ని మినహాయింపులూ ఇచ్చారు. సరే, అనుమతి సంగతే చూద్దాం. ఆ అనుమతి ఏ రూపంలో వస్తుంది? ఒక ఓటీపీ రూపంలో. అది ఎవరి ఫోనుకు వస్తుంది? చట్టం తల్లి అన్నా తండ్రి అన్నా, ఆచరణలో సరే అనేది ఫోను ఉన్నవాడే. పిల్లను బడికి పంపటానికి పోట్లాడిన తల్లికి ఏ కాగితానికి సరే అన్నారో కూడా తెలియదు.

ఐదో ప్రశ్న, ఇది ఏం అమ్ముతోంది? మొదటి నాలుగు పాఠాలు ఉచితం, ఐదోదానికి తాళం వేసే సైట్లున్నాయి. ఒక వీడియో అవగానే మరొకటి దానంతటదే మొదలై, మధ్యలో ఫెయిర్‌నెస్ క్రీము ప్రకటన చూపించేవి ఉన్నాయి. ఉచితంగా వచ్చినదాని మీద ఆధారపడితే ఏమవుతుందో మన కళ్ల ముందే ఉంది. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బైజూస్‌తో ఒప్పందం చేసుకుని, ఆ పాఠాలు నింపిన ట్యాబులను అదే డిసెంబరులో 8వ తరగతి పిల్లలకు పంచింది. 2024 జులైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. కంపెనీ లేచిపోతే పాఠానికి పూచీ ఎవరిది అన్న ప్రశ్న ఒప్పందం రోజునే అడగవలసింది. అడిగే చోట తల్లులు లేరు.

వాళ్లు ఎందుకు లేరు? విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో మూడొంతుల మంది తల్లిదండ్రులుండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలుండాలి. తెలంగాణలో 2024లో మహిళా సంఘాల వాళ్లతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పాటు చేసి బడి మరమ్మతులు, మరుగుదొడ్ల పనులు అప్పగించారు. గోడకు సున్నం సరిగా వేశారా లేదా అని చూడగలిగిన స్త్రీలు, గోడ మీది తెరలో ఏం వస్తోందో చూడలేరా? చదువు రాని తల్లికి ఇవన్నీ ఏం తెలుస్తాయి అనే మాట కమిటీ మీటింగుల్లో నేను చాలాసార్లు విన్నాను. సంతకం పెట్టటానికి పనికొచ్చిన ఆమె, ప్రశ్న అడగటానికి పనికిరాకుండా ఎలా పోతుంది? బొమ్మల్లో తనలాంటి మనిషి ఉందో లేదో, మాట తన పిల్లకు అర్థమవుతోందో లేదో చెప్పటానికి ఆమెను మించిన వాళ్లు ఎవరు?

అందుకని మన సంఘాలన్నీ ఈ విద్యాసంవత్సరంలోనే చేపట్టదగిన పని ఒకటుంది. ప్రతి బడిలో వాడుతున్న వెబ్‌సైట్లు, యాప్‌ల పేర్లు కాగితం మీద రాసి నోటీసు బోర్డు మీద పెట్టమని అడుగుదాం. నెలకోసారి కమిటీ స్త్రీలు, టీచర్లు కలిసి కూర్చుని ఒక్కో పాఠం తెర మీద వేసి చూసి, పైన చెప్పిన ఐదు ప్రశ్నలు వేద్దాం. ఈ పని టీచరు మీద మరో బరువు కాకుండా మండలంలో నాలుగైదు బడులు పంచుకోవచ్చు. పిల్లల ఫోను నెంబర్లు అడిగేవాటిని పక్కన పెడదాం. కమిటీ ఒప్పుకోని వెబ్‌సైటు తరగతిలోకి రాకూడదని తీర్మానం రాయించి, దాని నకలు మండల విద్యాధికారికి ఇద్దాం.

భారతదేశం బాలల హక్కుల ఒడంబడికను 1992లో ఆమోదించింది. ఆ హక్కులు డిజిటల్ ప్రపంచంలోనూ వర్తిస్తాయని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2021లో స్పష్టంగా చెప్పింది. హక్కు ఉందని తెలిసినంత మాత్రాన అది నడిచి ఇంటికి రాదు. రేషను, పింఛను, కూలి డబ్బు, ఏదీ మనకు అడగకుండా రాలేదు. బడిలో మన పిల్లల ముందు ఏం పెట్టాలో నిర్ణయించే హక్కు కూడా అడిగి తీసుకోవలసిందే.