వాసన రాత్రిది, నీడ పగటిది

అక్టోబరు వచ్చిందంటే మా విశాఖలో చాలా ఇళ్ళ పడగ్గది కిటికీలు మూసుకుపోతాయి. చలికి కాదు, మాకు అక్టోబర్లో చలెక్కడిది! వీధుల్లో ఏడాకుల చెట్లు పూస్తాయి. సాయంత్రం ఏడు దాటేసరికి మొదలవుతుంది వాసన. మొదటి రోజు "అబ్బ, ఏం పూలో" అనిపిస్తుంది. మూడో రోజుకి తల పట్టేస్తుంది. వారం తిరిగేసరికి మా అత్తగారు పక్కమీద లేచి కూర్చుని "ఆ కిటికీ ఒకసారి చూడమ్మా, సందు ఉన్నట్టుంది" అంటారు. ఆవిడకి ఆయాసం ఎప్పట్నుంచో ఉంది. అది ఈ పూలవల్లే పెరుగుతోందని తేల్చి చెప్పడానికి నేను డాక్టర్ని కాను. ఆ నెలన్నర మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర ఉండదని మాత్రం చెప్పగలను.

ఈ చెట్టుకే సంస్కృతంలో సప్తపర్ణి అని పేరు. నర్సరీ వాళ్ళు ఆల్‌స్టోనియా అంటారు. బి.ఏ. తెలుగు చదివినదాన్ని కదా, చిన్నప్పుడు ఇది నాకు పుస్తకాల్లో మాత్రమే తెలిసిన చెట్టు. కాళిదాసు రఘువంశంలో శరదృతువుని వర్ణిస్తూ, ఈ పూల వాసన తగిలి రఘుమహారాజు ఏనుగులకి కూడా మదం పొంగినట్టు రాశాడు. మదపుటేనుగు వాసనట! చదివిన రోజుల్లో కవిగారి అతిశయోక్తి అనుకున్నాను. ఇప్పుడు మా బాల్కనీలో నిలబడి చూస్తే ఆయన చాలా సంయమనంతోనే రాశాడనిపిస్తుంది. అయితే ఒకటి, కాళిదాసు ఆ చెట్టుని అడవిలో పెట్టాడు. ముప్ఫై అడుగుల వీధిలో, రెండో అంతస్తు పడగ్గది కిటికీకి ఎదురుగా పెట్టలేదు.

మరి ఊరినిండా ఇవే ఎలా వచ్చాయంటారా? హుద్‌హుద్. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ రోజు ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకి తేదీ గుర్తుచెయ్యక్కర్లేదు. గాలి తగ్గాక కిందకి దిగి చూస్తే మా వీధిలో తురాయి చెట్లన్నీ నేలమీద ఉన్నాయి. కొమ్మలు విరిగి కాదు, వేళ్ళతో సహా లేచిపోయి, పళ్ళెం తిరగేసినట్టు, వేళ్ళ మధ్య పేవ్‌మెంటు రాళ్ళు ఇరుక్కుని. ఒక పక్క డ్రైనేజీ కోసం తవ్వి వేళ్ళు నరికారు, రెండో పక్క మొదలు దాకా సిమెంటు పోశారు. ఇంక ఆ చెట్టు దేన్ని పట్టుకుని నిలబడుతుంది? చివరింటి ముందు మట్టినేలలో ఉన్న వేపచెట్టు మాత్రం కొమ్మలన్నీ పోయి మోడుగా మిగిలింది కానీ పడలేదు. మర్నాడు చూస్తే కైలాసగిరి కొండ ఎవరో నిప్పు పెట్టినట్టు మాడిపోయి కనిపించింది. కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఊరంతా ఎండ. ఆ ఎండని చూసి కదా, ఎంత తొందరగా పచ్చబడితే అంత మంచిదని అందరం అనుకున్నాం.

ఏడాకుల చెట్టుకి ఆ గుణాలన్నీ ఉన్నాయి. తొందరగా పెరుగుతుంది. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. ఆకు తుంపితే చేదు పాలు కారతాయి కాబట్టి మేకలు ముట్టవు. కొమ్మలు అంతస్తులు అంతస్తులుగా ముద్దుగా వస్తాయి. నాటిన మొదటి నాలుగైదేళ్ళు ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే పూయలేదు. పూసేసరికి అవి చెట్లయిపోయాయి. నాటినవాళ్ళని పూర్తిగా తప్పుపట్టలేను, మేమూ ఆ రోజు నిలబడి చప్పట్లు కొట్టినవాళ్ళమే. మొక్కలు దింపుతుంటే ఇది ఏ చెట్టు, పూస్తే ఎలా ఉంటుంది అని ఒక్కరం అడగలేదు. మనం వంకాయలు కొనేటప్పుడు అడిగినన్ని ప్రశ్నలు కూడా అడగలేదు.

పోయిన నెల మా అపార్ట్‌మెంటు మీటింగులో ఈ చెట్టు సంగతి వచ్చింది. గేటు పక్కనున్న ఏడాకుల చెట్టు కొట్టించెయ్యాలని. రోడ్డు మీద చెట్టు మనిష్టానికి కొట్టేది కాదు, 2002 నాటి వాల్టా చట్టం ఒకటుంది, అర్జీ పెట్టుకోవాలి అని మావారన్నారు. అర్జీ మీద మొదటి సంతకం నాదే. అత్తగారి రాత్రులు చూసినదాన్ని, నాకింకో ఆలోచన లేదు.

మర్నాడు బట్టలు ఇవ్వడానికి కిందకి వెళ్ళాను. ఆ చెట్టు కిందే ఇస్త్రీ బండి. ఆవిడ ఏడెనిమిదేళ్ళుగా అక్కడే చేస్తోంది. బొగ్గుల పెట్టె, పక్కన నీళ్ళ సీసా, వెనక చెట్టు మొదట్లో చిన్న స్టూలు. చెట్టు కొట్టేస్తారటగా అంది. అవునమ్మా, వాసన భరించలేకపోతున్నాం అన్నాను. కాసేపు చొక్కా కాలరు మీద నీళ్ళు చిలకరించి, "వాసన రాత్రి కదమ్మా, నేనుండేది పగలు కదా" అంది.

ఇంకేం అనలేదు. గొడవ పెట్టుకోలేదు, బతిమాలలేదు. నేను మాత్రం మెట్లెక్కుతూ ఆ మాటే నములుతూ వచ్చాను. మా సమస్య నెలన్నర, రాత్రిపూట. కిటికీ మూసుకోవచ్చు, ఏసీ ఉన్నవాళ్ళు వేసుకోవచ్చు. ఆవిడ ఎండ పది నెలలు, పగలంతా, ముందు నిప్పుల పెట్టె. మేలో పదకొండు గంటలకి ఆ చెట్టు లేకుండా అక్కడ ఎవరైనా అరగంట నిలబడగలరా? ఆవిడ ఒక్కర్తే కాదు. మధ్యాహ్నం బండి ఆపుకుని అన్నం తినే డెలివరీ కుర్రాళ్ళు, స్కూలు వ్యాను కోసం నిలబడే తల్లులు, తోపుడు బండి మీద ఆకుకూరలు తెచ్చే పెద్దావిడ, అందరూ ఆ చెట్టు కిందవాళ్ళే. మీటింగులో వాళ్ళెవరూ లేరు. ఎలా ఉంటారు, ఫ్లాటు యజమానుల మీటింగు కదా అది.

నా గొడవంతా ఇక్కడే ఉంది. వీధిలో చెట్టు ఎంచడం అంటే మనం పైనుంచి చూసి ఎంచుతాం. బాల్కనీ నుంచి, కారులోంచి, ఫోటోలోంచి. పచ్చగా ఉందా, పూలు బావున్నాయా, చెత్త పడుతుందా, ఇవే మన ప్రశ్నలు. కింద నిలబడేవాళ్ళని అడిగితే మొదటి ప్రశ్న వేరే వస్తుంది. ఏప్రిల్లో నీడ ఉంటుందా?

రెండో మీటింగులో ఈ మాట అన్నాను. సరే, మరి కొత్తగా ఏం పెడదాం అన్నారు. చూడండి తమాషా. ఒకాయన "అశోక చెట్లు వరసగా పెడదాం, నీటుగా ఉంటాయి, ఆకు రాలదు" అన్నారు. నర్సరీల్లో అశోక అని అమ్మే ఆ పొడుగు చెట్టు అసలు అశోకమే కాదు, నరమామిడి. సీతమ్మవారు కూర్చున్న అశోకం వేరే. ఈ నరమామిడి కింద సీతమ్మ కూర్చుని ఉంటే హనుమంతుడు వచ్చేలోపే వడదెబ్బ తగిలేది. స్తంభంలా నిలబడుతుంది, నీడ దాని మొదట్లో దానికే చాలదు. ఆకు రాలదన్నది కూడా వట్టి మాట, మా చెల్లెలి ఇంటి ముందు రోజూ ఊడ్చేది అదే ఆకు.

ఇంకొకావిడ కోనోకార్పస్ అన్నారు. గోడలా పచ్చగా వస్తుందని. వస్తుంది, నిజమే. కానీ గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడమే నిషేధించింది. తెలంగాణలో హరితహారం రోజుల్లో రోడ్ల పక్కన తెగ పెట్టి, తర్వాత ఇక వద్దనుకున్నారు. పుప్పొడి గురించి, పైపుల్లోకి దూరే వేళ్ళ గురించి ఫిర్యాదులు. పుప్పొడి మాట నిపుణులు తేల్చుకోనీండి. దాని మీద పిచ్చుక వాలడం, గూడు కట్టడం నేనైతే చూడలేదు. అదీకాక ఒక వాసన చెట్టు పీకి ఇంకో పేచీ చెట్టు పెట్టుకోవడం ఎందుకు?

నేను చెప్పినవి పాత పేర్లే. కానుగ, గంగరావి, పొగడ, వేప.

కానుగ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, నాకు ఆ చెట్టంటే పక్షపాతం. మా పుట్టింట్లో వీధరుగు ముందు ఉండేది. ఎండాకాలం ముందు గబగబా ఆకంతా రాల్చేసి, పదిహేను ఇరవై రోజులు తిరక్కుండానే నిగనిగలాడే లేతాకు వేసుకుంటుంది. అంటే ఎండ ముదిరే వేళకి కొత్త గొడుగు సిద్ధం. రాలే ఆకు కూడా ఏడాదంతా కాకుండా కొన్నాళ్ళే కాబట్టి ఊడ్చేవాళ్ళకీ ఓ లెక్క ఉంటుంది. తర్వాత పూలు, వాకిట్లో లేత ఊదారంగు పేలాలు పోసినట్టు. వాసన ఉండీ లేనట్టుంటుంది, తేనెటీగలకి తెలిస్తే చాలన్నట్టు. వేళ్ళు లోతుకి దిగుతాయి, ఉప్పునేలనీ తట్టుకుంటుంది. మాది సముద్రపు గాలి ఊరు, అది చిన్న విషయం కాదు.

గంగరావి అంతకన్నా సముద్రానికి చుట్టం. తీరంలో పుట్టి పెరిగిన చెట్టు. రావాకులాంటి ఆకు, పొద్దున పసుపుగా పూసి సాయంత్రానికి ఎర్రబారే పువ్వు. ఆకు చుట్టి బూర ఊదినవాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారో! మరీ ఎత్తు పోదు, కొమ్మ పాతినా బతుకుతుంది. పొగడ నిదానం, కానీ గుండ్రంగా దట్టమైన నీడ, పువ్వు ఎండినా పరిమళం పోదు. ఆ పరిమళానికి ఎవరి కిటికీలూ మూసుకోనక్కర్లేదు. వేపకి నేను చెప్పాల్సిందేముంది. కానీ వీధంతా వేపే పెట్టమని మాత్రం అనను. 2021లో తెలంగాణలో వేపచెట్లు చిగుళ్ళ నుంచి ఎండుకుంటూ రావడం మీరూ చూసే ఉంటారు, శిలీంధ్రం తెగులది. వీధిలో ఒకే చెట్టు ఉంటే ఒకే తెగులుకి వీధంతా బోడి. ఫ్రాంక్ సాంటమోర్ అనే అమెరికా శాస్త్రవేత్త 1990లోనే దీనికో లెక్క చెప్పాడు, ఊళ్ళో చెట్లలో ఏ ఒక్క జాతీ నూటికి పది మించకూడదని. మన విశాఖ ఏడాకుల చెట్లకి ఈ లెక్క వేసి చూడండి!

అందరూ మర్రి, రావి పెట్టాలంటారు. అశోకుడి శాసనంలో ఉంది, మనుషులకీ పశువులకీ నీడ కోసం దారుల వెంట మర్రిచెట్లు నాటించానని. ఆయన దారులకి సరిపోయింది. ఆయనకి కరెంటు తీగలు లేవు, నాలుగడుగుల పేవ్‌మెంటు లేదు. మన వీధిలో మర్రి పెట్టి, అది పెరిగాక ఏటా తీగల కోసం నడినెత్తి నరికి, దాన్ని కుంటిదాన్ని చెయ్యడం పాపం. మర్రి పార్కులో పెట్టండి, చెరువుగట్టున పెట్టండి. నేరేడు కూడా అంతే. నాకిష్టమైన పండు, కానీ జూన్‌లో రోడ్డంతా గుజ్జై స్కూటర్లు జారతాయి.

ఏ చెట్టు పెట్టినా మొదట్లో సిమెంటు పొయ్యకుండా ఉంటే చాలు, సగం పని అయినట్టే. ఢిల్లీలో చెట్ల చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు తీసెయ్యమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశం ఇవ్వాల్సొచ్చింది. దానికి కూడా ఓ కోర్టు కావాలా అనిపిస్తుంది కానీ, మా గేటు దగ్గర టైల్సు వేయించినప్పుడు మొదలు దాకా వేయించింది మేమే. ఇంక ఎవర్ని అనను? మొక్క కూడా చారెడు మొక్క కాకుండా మనిషెత్తుది తెచ్చుకోవాలి. ధర ఎక్కువే, కానీ మేకకీ పిల్లల చేతులకీ అందదు. రెండు మూడు ఎండాకాలాలు నీళ్ళు పొయ్యాలి. ఇది ఎవరు పోస్తారన్నది నాటే రోజే తేల్చుకోవాలి. ఫోటోలో ఉన్నవాళ్ళంతా పోస్తారనుకుంటే ఎవరూ పొయ్యరు.

చివరికి మా మీటింగులో తేలింది ఇది. ఏడాకుల చెట్టు ఇప్పుడే కొట్టొద్దు. దానికి అటొకటి, ఇటొకటి, గంగరావి, కానుగ పెడదాం. అవి ఇస్త్రీ బండికి నీడ ఇచ్చే రోజున అర్జీ సంగతి మళ్ళీ మాట్లాడదాం. ఈలోగా పూత రాకముందే మా కిటికీ వైపు కొమ్మలు కొంచెం తేలిక చేయించడానికి అనుమతి అడుగుతాం. అందరికీ నచ్చలేదు. కోనోకార్పస్ ఆవిడ లిఫ్టులో నాతో మాట్లాడ్డం మానేశారు. మా ఇంట్లోనూ సులువుగా జరగలేదు. అత్తగారికి ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు తప్పించుకు తిరిగాను. ఆవిడ రాత్రుల్ని నేను ఎవరి మంచితనం కోసమో తాకట్టు పెట్టినట్టే కదా. చెప్పాక ఆవిడ చాలాసేపు ఊరుకుని, "అయితే ఈ ఏడు అక్టోబర్లో నన్ను మీ మావగారి ఊరు పంపించండి" అన్నారు. కోపంగా అన్నారో, నిజంగానే అన్నారో నాకింకా తెలీదు. టిక్కెట్లు మాత్రం చూస్తున్నాం.

గుంటలు రెండూ తవ్వించాం. టైల్సు పగలగొట్టినందుకు రెండు వేలు తీసుకున్నాడు. గంగరావి వచ్చింది, కానుగ మనిషెత్తుది ఇంకా దొరకలేదు. విశాఖలో ఏ నర్సరీలో ఉందో తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి, వానలు వెళ్ళిపోయేలోగా పెట్టాలి.